మూడు చోట్ల మూడు మైలేజీలు: ఆఫీసు కార్బన్ ఫారంలో ఏది రాయాలి?

మారతహళ్లి_మాధవి:

అందరికీ నమస్తే. మాది ఒంగోలు, తొమ్మిదేళ్లుగా బెంగళూరులోనే ఉంటున్నాం. నా దగ్గర 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది, 1.2 లీటర్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, పొగ ప్రమాణం బీఎస్4. వారానికి మూడు రోజులు మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లొస్తాను, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా సిల్క్ బోర్డు జంక్షన్ దాటి. పోను 22 కిలోమీటర్లు, రాను 22. ఒక్క వైపుకే గంటా ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది.

ఈ ఏడాది మా ఆఫీసులో ప్రతి ఒక్కరూ రాకపోకల వల్ల ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నారో చెప్పమని ఒక ఫారం పంపారు. అందులో కారు మోడల్ ఎంచుకుంటే చాలు, కిలోమీటరుకు 110 గ్రాములు అని అదే వేసుకుంటోంది. తయారీదారు చెప్పిన 21 మైలేజీ నుంచి ఆ అంకె వచ్చినట్టుంది. నా కారు జన్మలో 21 ఇవ్వలేదు. అబద్ధపు లెక్క మీద పేరు రాయడం ఇష్టం లేక అసలు ఎంత వస్తోందో నేనే చూద్దామనుకున్నాను, అక్కడి నుంచి గందరగోళం మొదలైంది.

డ్యాష్‌బోర్డులో 14.1 చూపిస్తోంది. ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్) చిన్న బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్ యాప్‌లో చూస్తే 13.2. ట్యాంకు ఫుల్ చేయించి, మళ్లీ ఫుల్ చేయించేదాకా నడిపితే 412 కిలోమీటర్లకు 33.6 లీటర్లు పట్టింది, అంటే 12.26. ఒకటే కారు, అవే రోజులు. దేన్ని నమ్మాలి?

ఇంకో విషయం. యాప్‌లో గంటకు ఎన్ని లీటర్లు పోతోందో కూడా కనిపిస్తుంది. సిల్క్ బోర్డు దగ్గర బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఏసీ ఆపితే 0.7, ఏసీ వేస్తే 1.1. ముందున్న బస్సు వెనక లైట్లు చూస్తూ కూర్చుంటాను, పక్కన ఫోన్‌లో ఆ 1.1 మాత్రం అలాగే నడుస్తుంటుంది. మొన్న లెక్కేస్తే ఒక్క వైపు ప్రయాణంలో దాదాపు అరగంట నిలబడే ఉంటున్నానని తేలింది.

చివరగా, పోయిన నెలే బంకు పక్కన వ్యాన్‌లో ఎమిషన్ టెస్ట్ చేయించాను. సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 0.02 శాతం, హెచ్‌సీ (హైడ్రోకార్బన్లు) 38 పీపీఎం, పాస్. మా ఆయన ఆ చీటీ చూసి "ఇంత తక్కువ ఉంటే నీకెందుకు టెన్షన్, అదే రాసెయ్" అంటున్నారు. ఆ చీటీకీ ఈ ఫారానికీ సంబంధం ఉందా? తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

బెల్లందూరు_బాబు:

అక్కా, మూడూ కలిపి మూడుతో భాగించి 13.2 అని రాసేయండి, గొడవ వదిలిపోతుంది. నా బండికి సిటీలో 10, హైవేలో 20 వస్తుంది, నేను ఎప్పుడూ సగటున 15 అనే చెప్తాను. ఇంకోటి, పెట్రోల్ తెల్లవారుజామున పోయించుకోండి. చల్లగా ఉన్నప్పుడు చిక్కగా ఉంటుంది కాబట్టి అదే డబ్బుకు ఎక్కువ వస్తుంది.

టెస్ట్‌బెడ్_రాజు:

బాబూ, ఈ రెండు విషయాల్లోనూ చాలామంది పొరబడతారు కాబట్టి ముందు నీ లెక్క చూద్దాం. సిటీలో 100 కిలోమీటర్లు నడిపావు, 10 లీటర్లు అయింది. హైవేలో ఇంకో 100, 5 లీటర్లు అయింది. 200 కిలోమీటర్లకు మొత్తం 15 లీటర్లు, అంటే నీ మైలేజీ 13.3, 15 కాదు. రెండు చోట్లా ఒకే దూరం నడిపినప్పుడు మైలేజీలను కలిపి సగటు తీస్తే ఉన్నదానికంటే ఎక్కువే వస్తుంది. మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించడం ఒక్కటే దారి. ఇక తెల్లవారుజాము సంగతి: పెట్రోల్ ఒక డిగ్రీకి సుమారు 0.1 శాతం వ్యాకోచిస్తుంది, నిజమే. కానీ బంకులో ట్యాంకు నేల కింద ఉంటుంది. పొద్దున్నకీ మధ్యాహ్నానికీ అక్కడ పెద్ద తేడా ఉండదు.

మాధవి గారూ, నేను పదకొండేళ్లుగా ఇంజిన్ క్యాలిబ్రేషన్‌లో పని చేస్తున్నాను. మీ మూడు అంకెల్లో కొలిచింది ఒక్కటే, ట్యాంకు లెక్క. మిగతా రెండూ అంచనాలు. ఎందుకు తేడా వస్తుందో చెప్తాను.

డ్యాష్‌బోర్డు ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే భాగాలు) ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి పెట్రోల్‌ని లెక్కగడుతుంది. బండి పాతబడేకొద్దీ ఇంజెక్టర్ తీరు కొంచెం మారుతుంది, పైగా చాలా కార్లలో ఆ అంకె కాస్త మంచిగా కనిపించేలాగే ఉంటుంది. నేను చూసిన బండ్లలో 5 నుంచి 15 శాతం దాకా ఎక్కువ చూపించినవి ఉన్నాయి.

యాప్ కథ వేరు. అది పెట్రోల్‌ని చూడదు, గాలిని చూస్తుంది. ఇంజిన్‌లోకి సెకనుకు ఎన్ని గ్రాముల గాలి పోతోందో సెన్సర్ చెప్తే దాన్ని 14.7తో భాగించి పెట్రోల్ ఎంతో తేలుస్తుంది. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి, అందుకని. (కొన్ని కార్లలో గాలి కొలిచే సెన్సరే ఉండదు, అప్పుడు యాప్ ప్రెషర్ చూసి గాలిని కూడా ఊహిస్తుంది, అది ఇంకా కాకిలెక్క.) ఇబ్బంది ఏమిటంటే ఇప్పుడు బంకులో మనం పోయించుకుంటున్నది ఉత్త పెట్రోల్ కాదు, ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి దానికి 9 గ్రాముల గాలి చాలు. 20 శాతం కలిపిన మిశ్రమానికి దాదాపు 13.5 అవుతుంది. మీ ఇంజిన్ ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని ఆ మేరకు పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, కానీ యాప్ ఇంకా 14.7 పట్టుకునే కూర్చుంది. అందుకే 7, 8 శాతం తక్కువ పెట్రోల్ పోయినట్టు చూపిస్తుంది. మీ 12.26కి ఆ తేడా కలిపి చూడండి, ఇంచుమించు మీ 13.2 వచ్చేస్తుంది. కొన్ని యాప్‌ల సెట్టింగుల్లో ఇంధనం రకం మార్చుకునే వీలుంటుంది, వెతకండి.

ఇప్పుడు 21 ఎక్కడిది అంటారా. మన దేశంలో మైలేజీ పరీక్ష గదిలో రోలర్ల మీద జరుగుతుంది. 1180 సెకన్లు, పదిన్నర కిలోమీటర్ల పైచిలుకు, గరిష్ఠ వేగం 90, ఏసీ ఉండదు. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్ల చిల్లర. మీరు 22 కిలోమీటర్లు 85 నిమిషాల్లో వెళ్తున్నారు, అంటే గంటకు పదిహేనున్నర. ఆ పరీక్షకూ మీ దారికీ పోలికే లేదు. పైగా మీరు చెప్పిన అరగంట నిలుపుడే చూడండి. గంటకు 1.1 చొప్పున 0.55 లీటర్, మీ ప్రయాణం మొత్తానికి అయ్యేది 1.8. పది రూపాయల పెట్రోల్‌లో మూడు రూపాయలు చక్రం తిరగకుండానే పోతున్నాయి.

ఆ గదిలో మైలేజీ ఎలా కొలుస్తారో చెప్తే మీ ఫారం ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది. అక్కడ ట్యాంకు చూడరు. సైలెన్సర్ నుంచి వచ్చే పొగలో కొంత భాగాన్ని సంచుల్లోకి పట్టి, అందులో కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు ఎంతెంత ఉన్నాయో కొలిచి, ఇంత కార్బన్ బయటికి రావాలంటే ఇంత పెట్రోల్ కాలి ఉండాలి అని వెనక్కి లెక్కిస్తారు. మీరు చేయాల్సింది దాన్నే తిరగేసి చేయడం. ట్యాంకులో పోసిన కార్బన్ ఎక్కడికీ పోదు, సైలెన్సర్ నుంచే బయటికి రావాలి. లీటర్ పెట్రోల్ సుమారు 750 గ్రాములే ఉంటుంది, కానీ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, మిగతా బరువు గాలిలోని ఆక్సిజన్‌ది. ఇథనాల్ లీటరుకు ఒకటిన్నర కిలో. ఈ20కి కలిపి చూస్తే లీటరుకు దాదాపు 2.15 కిలోలు. మీ 12.26తో భాగిస్తే కిలోమీటరుకు 175 గ్రాములు. ఫారం చెప్పే 110 ఎక్కడ, ఇది ఎక్కడ.

ఈ20 వల్ల లీటరుకు పొగ తగ్గింది కదా అని సంబరపడే పని లేదు. లీటరులో శక్తి కూడా 7 శాతం దాకా తగ్గుతుంది, కాబట్టి కిలోమీటరుకు సైలెన్సర్ నుంచి వచ్చేది ఇంచుమించు అంతే. ఈ10కి సెట్ చేసిన పాత కార్లకు మైలేజీ 6, 7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. అయితే ఇథనాల్ నుంచి వచ్చేది చెరకు, ధాన్యం గాలి నుంచి తీసుకున్న కార్బనే కాబట్టి కంపెనీ లెక్కల్లో దాన్ని విడిగా చూపిస్తారు. మీకు ఫారం పంపినవాళ్లను ఆ ఒక్క మాట అడగండి.

వ్యాన్_పరీక్ష:

ఎమిషన్ టెస్ట్ గురించి నేను చెప్తాను, ఆరేళ్లు ఆ వ్యాన్‌లోనే కూర్చున్నాను. మేడం, మీ ఆయన చెప్పింది తప్పు. ఆ చీటీలో మీ ఫారానికి పనికొచ్చే అంకె లేదు. మేము చూసేది సరిగా కాలకుండా మిగిలిపోయిన వాయువులను. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. మీ బీఎస్4 పెట్రోల్ కారుకు ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజిన్ నడుస్తున్నప్పుడు) సీఓ 0.3 శాతం, హెచ్‌సీ 200 పీపీఎం దాటకూడదు. తర్వాత ఆర్‌పీఎం 2500 దగ్గర పట్టుకుని లాంబ్డా (గాలి, పెట్రోల్ పాళ్లు సరిగా ఉన్నాయో చెప్పే అంకె) 0.97 నుంచి 1.03 మధ్యలో ఉందా అని చూడాలి. కార్బన్ డయాక్సైడ్‌కు హద్దు లేదు. నిజానికి బాగా కాలే ఇంజిన్‌కి మిషన్‌లో సీఓ2 14 శాతం చుట్టుపక్కల కనబడాలి, అది తక్కువగా ఉంటేనే మాకు అనుమానం. అంటే మీ చీటీలో 0.02 ఉందంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని హానికర వాయువులను తగ్గించే భాగం) బాగా పని చేస్తోందని అర్థం, అది మంచి వార్తే. ఎంత పెట్రోల్ తగలబడిందో మాత్రం అది చెప్పదు.

ఆ పరీక్ష సరిగా జరిగిందో లేదో కూడా గమనించుకోవాలి. బండి వేడెక్కకుండా పెడితే కన్వర్టర్ ఇంకా చల్లగా ఉండి మంచి కారు కూడా ఎక్కువ చూపిస్తుంది. పైపు కొనలో ప్రోబ్ (పొగ పట్టే మిషన్ గొట్టం) ఏదో ఆనించినట్టు పెట్టినా, సైలెన్సర్‌కు చిల్లు ఉన్నా బయటి గాలి కలిసి అంకెలు తగ్గిపోతాయి, పాస్ అయిపోతుంది. నేను పని చేసిన చోట ఒకాయన బండి ఆపకుండానే చీటీ ఇవ్వమని రోజూ తగాదా పడేవాడు. ఇచ్చేవాళ్లూ ఉంటారు. ఆ గాలి పీల్చేది మన పిల్లలే, నాకు అది చాలా బాధగా ఉండేది. మీ ముందే ప్రోబ్ లోపలికంటా పెట్టమని అడగండి, రెండు నిమిషాల పని.

నైట్రోజన్ ఆక్సైడ్లను కూడా మేము కొలవం. దాని సంగతి పైన రాసిన రాజు సార్‌కి తెలుస్తుంది.

టెస్ట్‌బెడ్_రాజు:

అవును, ఆ వ్యాన్‌లో నైట్రోజన్ ఆక్సైడ్లు దొరకవు, ఎందుకంటే అవి ఇంజిన్ బరువు లాగుతున్నప్పుడు, లోపల వేడి పెరిగినప్పుడు ఎక్కువగా పుడతాయి. నిలబడి ఉన్న బండిలో చూస్తే ఏం తెలుస్తుంది. హద్దులు చూస్తే పెట్రోల్ కారుకు బీఎస్4లో కిలోమీటరుకు 80 మిల్లీగ్రాములు, బీఎస్6లో 60. డీజిల్‌కి 250 నుంచి 80కి దించారు. కార్బన్ డయాక్సైడ్ వందల గ్రాముల్లో, ఇవి మిల్లీగ్రాముల్లో. ఒకటి వాతావరణం వేడెక్కడం గురించి, రెండోది సిల్క్ బోర్డు దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్ల ఊపిరితిత్తుల గురించి. రెండింటినీ ఒకే అంకెలో కలపలేం.

గదిలో పాస్ అయ్యి రోడ్డు మీద ఎక్కువ వదిలే బండ్లు ఉంటాయని 2015లో ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ వ్యవహారంతో ప్రపంచానికంతటికీ తెలిసింది. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు కార్ల వెనక కొలిచే పరికరం కట్టుకుని రోడ్డు మీద తిప్పడం వల్లే అది బయటపడింది. మన దగ్గర 2023 ఏప్రిల్ నుంచి బీఎస్6 రెండో దశలో అలాంటి రోడ్డు పరీక్ష తప్పనిసరి చేశారు. డిక్కీలోనో వెనకాలో పెట్టె, సైలెన్సర్‌కి తగిలించిన లావుపాటి గొట్టం, దాంతో ఊళ్లోనూ హైవేలోనూ తిప్పుతారు. మీది 2018 కారు కాబట్టి దానికి ఆ పరీక్ష లేదు.

పీలేరు_డ్రైవర్:

మేడం, నేను ట్యాక్సీ నడుపుతాను, పద్నాలుగేళ్లయింది. చదువు లెక్కలు నాకు తెలీవు గానీ డైరీ మాత్రం ఉంది. ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, లీటర్లు, ఏ బంకు, అన్నీ రాస్తాను. ట్యాంకు లెక్క సరిగా రావాలంటే అదే బంకు, అదే పంపు, బండి అదే వైపు వాలుగా నిలబెట్టాలి. నాజిల్ మొదటిసారి టక్‌మని ఆగిన చోటే చాలు అనండి. కుర్రాడు రూపాయలు రౌండ్ చేయడానికి ఇంకా రెండు నొక్కులు నొక్కుతాడు, అక్కడే లెక్క చెడిపోతుంది. ఒక్క ట్యాంకు చూసి నమ్మొద్దు, మూడు ట్యాంకులు కలిపి చూడండి.

బంకు మీద అనుమానం ఉంటే 5 లీటర్ల కొలపాత్ర అడగండి. ప్రతి బంకులో ముద్ర వేసింది ఉండాలి, అడిగితే పట్టి చూపించాలి. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లు మించి తేడా ఉండకూడదు. హొసకోటె అవతల ఒక బంకులో నేను అడిగితే ముందు గొణిగారు, తర్వాత పట్టారు, సరిగ్గానే ఉంది. అప్పటి నుంచి అక్కడే పోయిస్తున్నాను.

ఇంకో మాట. ఊరికి పోయినప్పుడు ఒక వైపు లెక్క చూసి మోసపోవద్దు. బెంగళూరు నుంచి తిరుపతికి దిగేటప్పుడు, పలమనేరు దాటి మొగిలి ఘాట్‌లో బండి దానంతట అదే పోతుంది, లీటరుకు రెండు కిలోమీటర్లు ఎక్కువ ఇస్తుంది. తిరిగి ఎక్కేటప్పుడు అంతా లాగేసుకుంటుంది. రెండు వైపులా కలిపితేనే అసలు లెక్క.

టెస్ట్‌బెడ్_రాజు:

అన్నా, నీ డైరీ మా ల్యాబులో చాలా రిపోర్టుల కంటే నయం. మొగిలి ఘాట్ సంగతి కాగితం మీద వేసి చూశాను. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తు, తిరుపతి 150 దగ్గర. 1100 కిలోల బండి 750 మీటర్లు దిగితే 8 మెగాజౌళ్లు. లీటర్ పెట్రోల్‌లో 32 ఉంటాయి, ఇంజిన్ అందులో పావు వంతు చక్రాలకు ఇస్తుందనుకుంటే సరిగ్గా ఒక లీటర్. 250 కిలోమీటర్ల దారికి 15 లీటర్లు అయ్యే బండికి పోయేటప్పుడు 14, వచ్చేటప్పుడు 16 అవుతుంది. అంటే మైలేజీ పోయేటప్పుడు దాదాపు 18, వచ్చేటప్పుడు 15న్నర. బ్రేకులు ఎక్కువ వాడితే ఆ లాభం వేడిగా పోతుంది.

మాధవి గారూ, మూడు ట్యాంకులు ఎందుకంటే, నాజిల్ ఆగే చోట ఒక లీటర్ అటూ ఇటూ అయినా 33 లీటర్ల మీద 3 శాతం తప్పు. వంద లీటర్ల మీద అదే లీటర్ ఒక శాతమే. ఇంకొకటి, మీ ఓడోమీటర్‌ని కూడా ఒకసారి జీపీఎస్‌తో సరిచూడండి. టైర్లు అరిగితే చుట్టుకొలత తగ్గి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, ఓడోమీటర్ లేని కిలోమీటర్లు కూడా రాసేస్తుంది.

మారతహళ్లి_మాధవి:

ఏడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. డ్రైవర్ అన్న చెప్పినట్టే చేశాను. అదే బంకు, అదే పంపు. పంపు దగ్గర కుర్రాడికి మూడోసారికి నా ముఖం గుర్తుండిపోయి "మేడం, ఫస్ట్ కట్ కదా" అని తనే అన్నాడు. మొదటిది 412కి 33.6, రెండోది 398కి 32.7, మూడోది 405కి 33.1. మొత్తం 1215 కిలోమీటర్లు, 99.4 లీటర్లు, 12.22.

ఓడోమీటర్ సంగతి రాజు గారు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు. ఆదివారం పొద్దున్నే రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు కోలారు దాకా వెళ్లాను. జీపీఎస్‌లో 50 కిలోమీటర్లు అయ్యేసరికి ఓడోమీటర్‌లో 51 అయింది, రెండు శాతం ఎక్కువ. టైర్లు నాలుగేళ్లవి, బాగా అరిగాయి. ఆ తేడా తీసేస్తే నా అసలు మైలేజీ 12కి ఒక వెంట్రుక తక్కువ. యాప్ సెట్టింగులో ఈ20 అని లేదు గానీ గాలి, పెట్రోల్ నిష్పత్తి మార్చుకునే చోటుంది. 13.5 అని పెట్టాక అది 12.4 చూపిస్తోంది, చాలా దగ్గరికి వచ్చింది.

ఇప్పుడు ఫారం లెక్క. సెలవులు తీసేస్తే ఏడాదికి 46 వారాలు, రోజుకు 44 కిలోమీటర్ల చొప్పున 6072 కిలోమీటర్లు. 12తో భాగిస్తే 506 లీటర్లు, లీటరుకు 2.15 కిలోలంటే 1088 కిలోలు. ఫారం తనంతట తాను వేసుకున్నది 668. నేనొక్కదాన్నే 420 కిలోలు తక్కువ చూపించబోయాను. మా ఆఫీసులో కార్లలో వచ్చేవాళ్లందరి ఫారాలూ ఇలాగే ఉంటే ఆ రిపోర్టు ఎంత తేడాగా ఉంటుందో తలుచుకుంటే నిద్ర పట్టలేదు. బిల్లుల ఫోటోలు, లెక్క కాగితం జోడించి ఫారం పంపిన టీమ్‌కి మెయిల్ పెట్టాను. ఇథనాల్ విడిగా చూపించాలా అని కూడా అడిగాను. నిన్న వాళ్లే ఫోన్ చేశారు, ఈ నెలాఖరులోగా ఫారంలో మోడల్‌తో పాటు "ఏడాదికి పోయించిన లీటర్లు" అనే గడి కూడా పెడతామన్నారు, ఇథనాల్ వాటా వాళ్లే విడదీసుకుంటారట.

ఎమిషన్ చీటీ గురించి మా ఆయనకు చదివి వినిపించాను. వచ్చేసారి ప్రోబ్ లోపలికంటా పెట్టారో లేదో తనే నిలబడి చూస్తానన్నారు.

సిల్క్ బోర్డు దగ్గర, ఇబ్లూర్ సిగ్నల్ దగ్గర కౌంటర్ అర నిమిషం పైన ఉంటే ఇంజిన్ ఆపేస్తున్నాను. ఎండలో ఏసీ లేకుండా కష్టమే, అద్దాలు దించుకుంటే పక్క లారీ పొగ వస్తుంది, అందుకే రోజూ కుదరడం లేదు. కుదిరిన రోజుల్లో ఒక్క వైపుకు 0.2 లీటర్ దాకా మిగులుతోందని యాప్ అంటోంది. నాలుగో ట్యాంకులో ఇది కనబడుతుందేమో చూడాలి. వచ్చే శనివారం తిరుపతి వెళ్తున్నాం, బెంగళూరులో ఫుల్ చేయించి, తిరుపతిలో ఒకసారి, తిరిగొచ్చాక ఇంకోసారి ఫుల్ చేయిస్తాను. మొగిలి ఘాట్ లీటర్ దొరికిందో లేదో వచ్చాక ఇక్కడే రాస్తాను.

పీలేరు_డ్రైవర్:

జాగ్రత్తగా వెళ్లిరండి మేడం. బయల్దేరే ముందు రోజు, బండి చల్లగా ఉన్నప్పుడే టైర్లలో గాలి చూపించండి, డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్‌లో రాసి ఉన్నంతే. మొగిలి దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయొద్దు, గేర్‌లోనే దిగండి.